క్లౌడు సర్వరులకు స్థిరమైన చిరునామాలు

పట్టణములలో కొందఱు వర్తకులు తపాలా కచేరీలో ఒక పెట్టెను అద్దెకు దీసికొందురు. ఆ పెట్టెకొక సంఖ్య యుండును. వర్తకుడు తన దుకాణమును ఒక వీధినుండి మఱియొక వీధికి మార్చినను, ఉన్నదానిని పడగొట్టి క్రొత్తది కట్టుకొన్నను, ఉత్తరములు వ్రాయువారికి ఆ మార్పుతో పని లేదు. వారు పెట్టె సంఖ్య వ్రాయుదురు, ఉత్తరము చేరును. అయితే ఆ పెట్టె వర్తకుని సొత్తు గాదు. అద్దె మానుకొన్న దినమున తాళపుచెవి తిరిగి యీయవలసినదే. కొన్నాళ్లకు ఆ సంఖ్యయే వేఱొకనికి బోవచ్చును. క్లౌడు సర్వరులకు స్థిరమైన బహిరంగ చిరునామాలిచ్చు పద్ధతి యించుమించుగా నిట్టిదే. ఆ చిరునామాలను చేతితో గాక కోడు వ్రాసి నిర్వహించు విధమును, అందు మేము చేసిన యొక పొరపాటును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. పై తరగతుల విద్యార్థులలో గొందఱు త్వరలోనే యిట్టి పనులలో బ్రవేశింతురు గావున, మా పొరపాటు వారికైన నుపయోగపడునని మా యాశ.

ముందుగా సంఖ్యల సంగతి. ఇంటర్నెట్టులో ఒక యంత్రము మఱియొక యంత్రమును సంఖ్యచేతనే గుర్తించును. నేటికిని విశేషముగా వాడుకలోనున్న నాలుగవ కూర్పు 1981వ సంవత్సరమున స్థిరపడినది. అందు చిరునామా యనగా 32 బిట్లు. చదువుటకు వీలుగా దానిని నాలుగు భాగములు చేసి చుక్కలతో వేఱుపఱచి వ్రాయుదురు. ఒక్కొక్క భాగము 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. ఉదాహరణమునకు 203.0.113.10. (ఈ సంఖ్య యెవ్వరిదియు గాదు. పుస్తకములలో ఉదాహరణములు వ్రాయుటకే ప్రత్యేకింపబడిన వరుసలోనిది. చదువరులు దీనిని పిలిచి ప్రత్యుత్తరమునకై వేచియుండవలదు.) గణితము తెలిసినవారు రెండును ముప్పదిరెండు మారులు హెచ్చించి చూచుకొనవచ్చును: మొత్తము 4,294,967,296 సంఖ్యలు, అనగా 429 కోట్లకు పైచిలుకు. తొలినాళ్లలో ఎవరికే సంఖ్య యిచ్చినదియు అమెరికాలో జాన్ పోస్టెల్ అను పండితుడే పట్టికలో వ్రాసి చూచుకొనుచుండెను. అప్పటికి ఆ రాశి తరుగనిదిగా దోచెను. కాని 2011 ఫిబ్రవరి 3వ తేదీన మధ్యభాండారములోని కడపటి యైదు వరుసలను ఖండముల వారీగా నున్న యైదు సంస్థలకు బంచియిచ్చి భాండారమును మూసివేసిరి. ఆసియా ఖండపు సంస్థ అదే యేడు ఏప్రిలు నెలలోనే తన కడపటి వరుసకు జేరి, అడిగినవారికి కొలిచి యిచ్చుట కారంభించెను. భూమిమీద మనుష్యులే నేడు 800 కోట్లకు మించియున్నారు. ఇంక కొఱతకు వేఱు కారణము వెదుకనేల?

కొఱత గలుగగనే వెల గలుగును. అమెజాను సంస్థవారు 2024 ఫిబ్రవరి 1వ తేదీనుండి ప్రతి బహిరంగ చిరునామాకును గంటకు అర సెంటు చొప్పున అద్దె గొనుచున్నారు. సంవత్సరమునకు 8,760 గంటలు గావున ఒక సంఖ్యకు 43 డాలర్ల 80 సెంట్లగును. అంతకుముందు, నడుచుచున్న సర్వరునకు దగిలించిన మొదటి సంఖ్యకు అద్దె లేకుండెను. దీసికొని వాడక యూరక యుంచినదానికి రుసుముండెను. ఇపుడట్లు గాదు; వాడినను, వాడకున్నను బిల్లు వచ్చును. పదిమంది పనిచేయు చోట, ఎవరో యెపుడో తీసికొని మఱచిన సంఖ్యలు పదునైదో యిరువదియో బయలుపడుట అరుదు గాదు.

క్లౌడు అను మాట విని ఆకసమువంక జూడనక్కఱలేదు. అది నేలమీది యద్దె వ్యాపారమే. 2016 మొదలు ముంబయిలోను, 2022 నవంబరు మొదలు హైదరాబాదులోను అమెజాను వారు కట్టడములలో కంప్యూటరులను వరుసలుగా నిలిపి, వాని శక్తిని కాలము లెక్కన అద్దెకిచ్చుచున్నారు. గూగులు, మైక్రోసాఫ్టు సంస్థలును అట్లే చేయుచున్నవి. మనము గొన్న సర్వరునకు తనంతట నొక బహిరంగ సంఖ్య లభింపవచ్చును. కాని సర్వరును నిలిపివేసి మరల నడిపినయెడల ఆ సంఖ్య పోయి క్రొత్తది వచ్చును. నిలుపక రీబూటు మాత్రము చేసిన మాఱదు. ఈ భేదము తెలియక యేడాది పొడుగున సంఖ్య మాఱలేదని నమ్మి, ఒకనాడు సర్వరు నిలిపి మోసపోయినవారు కలరు.

ఈ యిబ్బందిని దీర్చుటకే 2008 మార్చిలో అమెజాను వారు ‘ఇలాస్టిక్ ఐ.పి.’ యను వసతిని గల్పించిరి. ఇదియే పైన జెప్పిన తపాలా పెట్టె. ఇందొక విచిత్రము గలదు. సర్వరులోనికి బోయి నీ చిరునామా యేమని యడిగినయెడల అది 203.0.113.10 అని చెప్పదు. 172.31.5.20 వంటి లోపలి సంఖ్యను జెప్పును. ఇట్టి లోపలి సంఖ్యలు 1996వ సంవత్సరపు నిబంధన ప్రకారము ఎవరి ప్రహరీలోపల వారు స్వేచ్ఛగా వాడుకొనదగినవి, వెలుపల చెల్లవు. బహిరంగ సంఖ్య సర్వరునొద్ద లేనేలేదు. అది వాకిటనున్న గేట్‌వే పట్టికలో, ‘ఈ వెలుపలి సంఖ్యకు వచ్చినది ఆ లోపలి సంఖ్యకు బంపుము’ అని వ్రాయబడి యున్నది. లోపలినుండి పోవు ఉత్తరములకును అక్కడనే వెలుపలి సంఖ్య ముద్ర పడును. కావుననే పాత సర్వరునుండి సంఖ్యను విప్పి క్రొత్త సర్వరునకు దగిలించుట క్షణములలో ముగియును. పట్టికలో నొక పంక్తి మాఱుటయే గదా! అయితే ముంబయిలో బడసిన సంఖ్యను హైదరాబాదులోని సర్వరునకు దగిలింప వీలులేదు. సామాన్యముగా ఒక ఖాతాకు ఒక్కొక్క ప్రాంతమున అయిదింటిని మాత్రమే యిత్తురు. అధికముగా గావలసినవారు కారణము జెప్పి యర్జీ పెట్టుకొనవలెను.

సంఖ్యతో మనకేమి పని, పేరు చాలదా యని యడుగవచ్చును. పేరును సంఖ్యగా మార్చి చెప్పు డి.ఎన్.ఎస్. ఉన్నది, సంఖ్య మాఱినపుడు అందు దిద్దిన కొంతసేపటికి లోకమంతయు క్రొత్తదారి పట్టును. ఇది నిజమే. కాని బ్యాంకులు, ప్రభుత్వ కచేరీలు తమ ఫైర్‌వాల్ ద్వారమున పేర్లను గాక సంఖ్యలను వ్రాసికొనుట యాచారము. ‘ఈ సంఖ్యనుండి వచ్చినవారిని రానిండు, తక్కినవారిని వెనుకకు బంపుడు’ అని ద్వారపాలకునకు ఆజ్ఞ. ఈ-మెయిలు పంపు సర్వరుల మంచిపేరును జాలవఱకు సంఖ్యనే యంటియుండును. కావున స్థిరమైన సంఖ్య మనకు మాత్రమే సంబంధించినది గాదు. మనము మఱియొకరికిచ్చిన మాట అందున్నది. ఈ సంగతి మాకు పుస్తకములవలన దెలియలేదు.

ఇంక కోడు విషయము. చిరునామాను బడయుటకు వెబ్ పేజీ తెఱచి నాలుగు మీటలు నొక్కిన చాలును. ఒక్కటి యైనచో అదియే సుఖము. ఇరువది సర్వరులు, మూడు ప్రాంతములు, అయిదుగురు మనుష్యులైనపుడు ఎవ్వరే మీట నొక్కిరో యెవ్వరికిని జ్ఞాపకముండదు. అందుచేత కావలసిన స్థితిని ఒక ఫైలులో వ్రాసి, ఆ ఫైలును చదివి పని నెఱవేర్చు సాధనమునకు అప్పగించు పద్ధతి వచ్చినది. హాషికార్ప్ అను సంస్థ 2014వ సంవత్సరమున వెలువరించిన టెర్రాఫారము అట్టి సాధనములలో ప్రసిద్ధమైనది. 2023లో ఆ సంస్థ అనుమతి నిబంధనలను మార్చగా, అది నచ్చనివారు పాత కోడునుండి ఓపెన్‌టోఫు అను శాఖను దీసిరి. ఈ వ్యాసమున జెప్పు విషయములలో రెంటికిని భేదము లేదు.

ఈ ఫైలులో ‘ఇది చేయుము, అది చేయుము’ అని వరుసగా ఆజ్ఞలు వ్రాయము. ‘ఒక చిరునామా యుండవలెను, ఒక సర్వరుండవలెను, మొదటిది రెండవదానికి దగిలియుండవలెను’ అని ఫలితమును మాత్రము వర్ణింతుము. అమెజాను వారి చిరునామాకు ‘ఏడబ్ల్యుఎస్ ఈఐపి’ యనియు, తగిలింపునకు ‘ఏడబ్ల్యుఎస్ ఈఐపి అసోసియేషన్’ అనియు అందు పేర్లు. ఒక్కొక్కదానికి మనమొక ముద్దుపేరు గూడ పెట్టుదుము. టెర్రాఫారము తాను చేసినదానినెల్ల స్టేటు ఫైలు అను దస్తరములో వ్రాసికొనును: ఫలాని ముద్దుపేరుగల చిరునామా యనగా క్లౌడులో నిజముగా ఫలాని సంఖ్య యని. మరల నడిపినపుడు మన ఫైలును, దస్తరమును, క్లౌడులోని వాస్తవమును సరిచూచి, చేయబోవు మార్పులను ముందుగా ‘ప్లాన్’ అని చూపును. చేర్చునదానికి కూడిక గుర్తు, తీసివేయుదానికి తీసివేత గుర్తు, దిద్దుదానికి అలవంటి గీత. మనము ‘యెస్’ అని టైపు చేసినగాని ముందుకు సాగదు. ఇంత జాగ్రత్తగల సాధనముతో మేమెట్లు పొరబడితిమో వినుడు.

కొంతకాలము క్రిందట మేము నలుగురము కలసి యొక సంస్థవారి సర్వరును చూచుచుంటిమి. నెలకొకసారి ఆ సర్వరు ఒక బ్యాంకు కంప్యూటరుతో మాటలాడి, వసతిగృహములలోని విద్యార్థుల ఖాతాలలో ఉపకారవేతనములు వేయించును. బ్యాంకువారి ద్వారమున మా సంఖ్య వ్రాయబడి యుండెను. ఒకనాటి సాయంకాలము మాలో నొకరికి కోడులోని ముద్దుపేర్లు రోతగా దోచినవి. తొలుత తొందరలో ‘టెస్ట్’ అని పెట్టిన చిరునామా పేరును దీసి, గౌరవముగా ‘వేతనములు’ అని మార్చిరి. మార్చినది పేరొక్కటే. ప్లాన్ నడిపితిమి. తొంబది పంక్తులు వచ్చినవి. మేము కడపటి పంక్తి మాత్రము చదివితిమి: రెండు చేర్చబడును, ఒకటి దిద్దబడును, రెండు తీసివేయబడును. చేర్చునవి రెండు, తీసివేయునవి రెండు. లెక్క సరిపోయినది గదా యని సంతోషించి ‘యెస్’ కొట్టితిమి.

జరిగినదేమనగా, సాధనమునకు ముద్దుపేరే గుర్తు. దస్తరములో ‘టెస్ట్’ అను చిరునామా యున్నది, ఫైలులో లేదు. కావున దానిని తీసివేయవలెను. ఫైలులో ‘వేతనములు’ అను చిరునామా యున్నది, దస్తరములో లేదు. కావున క్రొత్తది బడయవలెను. పాత సంఖ్యను క్లౌడు సంస్థకు తిరిగి యిచ్చివేసి, క్రొత్తసంఖ్యను దెచ్చి సర్వరునకు దగిలించి, డి.ఎన్.ఎస్.లో గూడ దిద్ది, పని సఫలమైనదని పచ్చని యక్షరములతో చెప్పినది. వెబ్‌సైటు చక్కగా నడుచుచుండెను. మేము ఇండ్లకు బోయితిమి. మఱునాటి ఉదయము వేతనములు వేయవలసిన వేళ బ్యాంకు ద్వారము మూసికొన్నది. వారికి మేమెవరమో తెలియదు.

తిరిగి యిచ్చిన సంఖ్యను ఇంకను మఱియొకరికి కేటాయింపకున్నయెడల, ఆ సంఖ్యయే కావలెనని పేర్కొని మరల బడయుటకు ప్రయత్నింపవచ్చును. ప్రయత్నించితిమి. అప్పటికే అది యెవ్వరి చేతికో పోయినది. బ్యాంకువారి పట్టికలో సంఖ్య మార్పించుటకు సంతకములతో లేఖ, దానిపై విచారణ, దానిపై మఱియొక యధికారి సమ్మతి కావలసివచ్చెను. వారిని దప్పుబట్టుటకు మాకు నోరు లేదు. ద్వారమున వ్రాసిన పేరును అడిగినంత మాత్రమున మార్చువాడు కావలివాడెట్లగును? పదునొకండు దినములు గడచినవి. ఆ నెలలో సెలవులు వచ్చినవి. ఒక విద్యార్థి రైలు టిక్కెట్టు కొనుటకు చేత డబ్బు లేక, సెలవులన్నియు వసతిగృహములోనే యుండెనని తరువాత మాకు దెలిసినది. ఎవ్వరును మమ్ము నిందింపలేదు. అది మాకు మఱింత కష్టముగా నుండెను.

పిదప మేము నేర్చుకొన్నవానిలో మొదటిది, పేరు మార్చునపుడు ‘మూవ్డ్’ అను చిన్న ఖండికను వ్రాయుట. ‘టెస్ట్ అని పూర్వమున్నదే యిపుడు వేతనములు’ అని అందు జెప్పినయెడల సాధనము దస్తరములో పేరు మాత్రము దిద్దుకొని, సంఖ్యను ముట్టదు. ఈ వసతి టెర్రాఫారము 1.1 కూర్పుతో 2021లోనే వచ్చియున్నది. మేము చదువలేదు, అంతే.

రెండవది, చిరునామా చుట్టు కంచె వేయుట. ‘లైఫ్‌సైకిల్’ అను భాగమున ‘ప్రివెంట్ డిస్ట్రాయ్’ అని వ్రాసినచో, ఆ వస్తువును నాశనముచేయు ప్లాన్ ఏదైనను సాధనము నిరాకరించి నిలిచిపోవును. ఇది మంచి కంచెయే కాని, దీనికొక కంత గలదు. కంచె ఫైలులోని ఆ ఖండికలోనే యున్నది. ఖండికను మొత్తముగా చెఱిపినచో కంచెయు దానితోబాటు పోవును, అపుడు అడ్డగించువారుండరు. మా వలె పేరు మార్చుటయు, పాత పేరుగల ఖండికను చెఱుపుటయు సాధనము కంటికి ఒక్కటే. అనగా ఆ సాయంకాలము మాకు ఈ కంచె యున్నను ప్రయోజనము లేకపోయెడిది. కంచె వేసితిమని నిశ్చింతగా నిదురించువారు ఈ మాట మనసున నుంచుకొందురు గాక.

కావున మఱింత గట్టి యుపాయము వేఱుకాపురమే. సర్వరు తఱచుగా మాఱునది. నేడు చిన్నది, రేపు పెద్దది, ఎల్లుండి క్రొత్త ఆపరేటింగు సిస్టముతో. చిరునామా మాఱరానిది. మాఱుదానిని, మాఱరానిదానిని ఒకే ఫైలులో, ఒకే దస్తరములో నుంచుట పొయ్యి ప్రక్కన గడ్డివాము వేయుటవంటిది. మేమిపుడు చిరునామాలను వేఱు ఫోల్డరులో, వేఱు దస్తరముతో నుంచితిమి. సర్వరుల ఫోల్డరు ఆ సంఖ్యను చదివికొని తగిలించుకొనును గాని, దానిని బడయుటకుగాని విడుచుటకుగాని దానికి దారి లేదు. సర్వరుల ఫోల్డరులో ఎవ్వరైన ‘డిస్ట్రాయ్’ అని కొట్టినను తగిలింపు మాత్రమే యూడును. సంఖ్య మా యొద్దనే యుండును.

అనేక చిరునామాలున్నపుడు వానిని లెక్కించు విధమునుగూర్చి యొక మాట. తరగతి హాజరుపట్టీలో వరుససంఖ్యలుండును గదా. 1వ వాడు, 2వ వాడు, 3వ వాడు. రెండవవాడు బడి మానినయెడల మూడవవాడు రెండవవాడగును. కోడులో ‘కౌంట్’ అను పద్ధతి యిట్టిదే, కొంచెము చెఱుపు గూడ చేయును. మూడు సర్వరులలో నడిమిదానిని పట్టికనుండి తీసినచో, సాధనము మూడవ చిరునామాను తిరిగి యిచ్చివేసి, రెండవ చిరునామాను దెచ్చి మూడవ సర్వరునకు దగిలించును. తప్పేమియు చేయని మూడవ సర్వరు తన సంఖ్యను గోల్పోవును! ‘ఫర్ ఈచ్’ అను పద్ధతిలో వరుససంఖ్య గాక పేరే గుర్తు. పోయినవాని పేరు పట్టీలోనుండి పోవును. తక్కినవారు తమ తమ పేళ్లతో నిలుతురు. చిరునామాలకు ఈ రెండవదియే వాడవలెనని మా యభిప్రాయము.

ఇదివఱకే చేతితో బడసిన సంఖ్య యున్నవారు దానిని వదలి క్రొత్తది తీసికొననక్కఱలేదు. ‘ఇంపోర్ట్’ చేత దానిని ఉన్నదున్నట్లు దస్తరములో జేర్చుకొనవచ్చును. దస్తరమును ఒకరి లాప్‌టాప్‌లో నుంచుట మాత్రము ప్రమాదకరము. అందఱకు నందునట్లు క్లౌడు భాండారములో, పాత ప్రతులు నిలుచునట్లు, ఇద్దఱొక్కసారి వ్రాయకుండ తాళముతో నుంచవలెను.

నిజముగానే ఒక సంఖ్యను విడువవలసివచ్చినపుడు, విడుచుటకు ముందు డి.ఎన్.ఎస్.లో దానివంక చూపుచున్న పేర్లను దీసివేయవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో కీడు గలుగును. మన పేరు ఇంకను ఆ సంఖ్యవంక జూపుచుండగా, ఆ సంఖ్య అపరిచితునికి బోవును. మన పేరు నమ్మి వచ్చినవారు వాని గుమ్మమున దిగుదురు. ఇట్లు మిగిలిన పేర్లను వెదకి పట్టుకొను దుర్మార్గులు కలరు. ఆ రాత్రి మా డి.ఎన్.ఎస్. దానంతట నదియే దిద్దబడుటవలన ఈ రెండవ యాపద మాకు తప్పినది. బ్యాంకువారి పట్టికలో మాత్రము, పదునొకండు దినములును, ఎవ్వరిదో యైన మా పాతసంఖ్య నమ్మదగినదిగా నిలిచియుండెను. రహస్యపు సంకేతములు వేఱుగా నుండుటచే నష్టము జరుగలేదు.

ఆఱవ కూర్పు చిరునామాలకు 128 బిట్లు. వానికి కొఱతయు లేదు, అమెజాను వారు వానికి అద్దెయు గొనుట లేదు. అయినను అవతలి ద్వారమున నాలుగవ కూర్పు సంఖ్య మాత్రమే చదువ నేర్చిన కావలివాడున్నంత కాలము మనకు దానితోనే పని. పదునొకండవ దినమున బ్యాంకువారు వ్రాసికొన్న మా క్రొత్తసంఖ్య, వేఱు ఫోల్డరులో, నేటికిని ఉన్నది. దాని వెనుక సర్వరులు నాలుగు మాఱినవి.